లిజనింగ్‌ల నాలుగు

"నాతోని కాదు మేడం!"

శ్రావణ్‌కుమార్ హెడ్‌ఫోన్ లాగి బల్ల మీద పడేశాడు. పటాన్‌చెరు మెయిన్ రోడ్డులో, మొబైల్ షాపు పైనున్న ఆ విదేశాల ఇంగ్లీషు పరీక్ష కోచింగ్ సెంటర్‌లో మిగతా వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

పాఠం చెప్పే నిషిత అతని ఆన్సర్ షీట్ తీసుకుంది. సగం గళ్లు ఖాళీ. రాసిన కాసిన్నీ తప్పులే.

"అన్నా, రీడింగ్‌ల ఏడు తెచ్చుకున్నరు. రైటింగ్‌ల ఆరున్నర. లిజనింగ్‌ల తొమ్మిదికి నాలుగేంది? మనసు యాడ పెడుతున్నరు?"

"ఈడనే పెట్టిన మేడం. ఆ రికార్డింగ్‌ల ఆమె సగం మాటలు నోట్లెనే మింగుతది. ఒక్కటి దొరికేలోపట పది దాటిపోతయి."

"అసలు పరీక్షల గూడ ఒక్కసారే వినిపిస్తరు. మళ్లీ చెప్పుమంటే ఎవరూ చెప్పరు."

"ఎరుకే. రెండుసార్లు రాసి పోగొట్టుకున్న. ఈసారి గూడ పోతే ఐర్లాండ్ కొలువు వేరేటోళ్లకు ఇస్తరంట." అతను హెడ్‌ఫోన్‌ను దూరంగా నెట్టాడు. "నా భార్య కడుపుతోని ఉంది. కాజీపల్లిల ఇనుము కొట్టే ఆ హామర్ షెడ్డు ఇడిసిపెడతనని ఆమెకు మాటిచ్చిన. బస్సుల వింటున్న, అన్నం తినుకుంట వింటున్న. ఇంగ్లీషు నా బుర్రకెక్కది మేడం. గింతే నేను."

నిషితకు జాలేసింది. విసుగూ వచ్చింది. మిగతా వాళ్లు వెళ్లిపోయాక, "ఇంకొక్కసారి చేద్దాం. కూసోన్రి" అంది.

రికార్డింగ్ మొదలైంది. అతని హెడ్‌ఫోన్‌లోంచి వస్తున్న మాటలు బల్లకు ఇవతలున్న ఆమెకే స్పష్టంగా వినబడుతున్నాయి. అతను మాత్రం కళ్లు గట్టిగా మూసుకొని, పెన్ను బిగించి పట్టుకొని, చెమటలు కక్కుతున్నాడు. ఆడియో అయిపోయింది. ఒక్క గడి కూడా నిండలేదు.

ఆమె బోర్డు వైపు తిరిగింది. పొద్దుటి పాఠం తుడుస్తూ మామూలుగా అడిగింది.

"ఏమన్న తిన్నరా అన్నా?"

"మా ఊరు కర్దనూర్ మేడం."

డస్టర్ ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"ఆఁ, డ్యూటీకి పోయే ముందే తిన్న."

నిషిత మెల్లగా అతని వైపు తిరిగింది. "షెడ్డుల చెవులకు ఏం పెట్టుకుంటరు?"

ఆమె పెదవులనే చూస్తూ టక్కున చెప్పాడు. "ఏం పెట్టుకోం. సార్లు ఇయ్యరు, మేం అడగం. గదెందుకు మేడం?"

ఆమె కుర్చీ లాక్కొని అతని ఎదురుగా కూర్చుంది. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"అన్నా, మీకు తెలుగు గూడ వినబడతలేదు. ఆ హామర్ చప్పుడుకు చెవులు దెబ్బతిన్నయి. జల్దీ డాక్టరుకు చూపించుకోన్రి. పోయింది మళ్లీ రాకపోవచ్చు."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఎక్కడ కూలబడతాడోనని ఆమె చెయ్యి చాచింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే, ఆమె ఎన్నడూ చూడనంత సంబరంగా నవ్వాడు.

"అంటే, నాకు ఇంగ్లీషు వచ్చినట్టే గదా మేడం!"