మోచేతి లోతు

"కుప్ప లోపల ఉడుకుతాంది సారూ. ఇయ్యాల తిరగేయకుంటే కాయ నల్లబడ్తది," మిర్చిలోంచి చెయ్యి తీస్తూ అంది కూలీ కట్టమ్మ.

ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకున్న లెక్చరర్ సాంబమూర్తికి నవ్వొచ్చింది. వేలిముద్ర వేసే మనిషి తనకు చెప్పడమా! తన ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఎనుమాముల మిర్చి యార్డుకు తను మోసుకొచ్చిన కంప్యూటర్ తెర మీద, కుప్పలో గుచ్చిన సెన్సార్ పంపే వేడి లెక్క ఎప్పటికప్పుడు గీతగా సాగుతోంది. గీత తిన్నగానే ఉంది.

"నా ప్రోగ్రామ్ కన్నా నీ చేతికి ఎక్కువ తెలుసా?"

కట్టమ్మ వైరు వెంబడి చూసింది. మిర్చి ఘాటుకు చెయ్యి మంట పుడుతుందని ఆయన సెన్సార్‌ను రెండు వేళ్లతో పైపైనే గుచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని మోచేతి దాకా లోపలికి దించింది.

గీత చరచరా పైకెక్కింది.

సాంబమూర్తి రుమాలు జారింది.

"నీ మిషన్ది తప్పేం లేదు సారూ. గుచ్చిన చెయ్యే పిరికిది."