తిట్టాడంటే కొనెయ్

“ఇది బండి కాదండీ, పాడె! దీన్ని అమ్మడానికి మీకు మనసెలా వచ్చింది?”

పాత పికప్ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చిన మెకానిక్ అరుపుకి యార్డులో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. ఓనరు మొహం మాడిపోయింది. బండి కొనడానికొచ్చిన బావ మాత్రం మీసం చాటున నవ్వుకున్నాడు.

మెకానిక్ అతని బావమరిదే. దారిలోనే చెవిన వేశాడు: “నేను తిడితే కొనెయ్ బావా, పొగిడితే వదిలెయ్. తిట్టినకొద్దీ ధర దిగుతుంది.” అబద్ధాలాడటం వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఇన్నాళ్లకి అది ఇంటికి పనికొచ్చింది.

“విరిగిన ఛాసిస్ అతికించి పైన కొత్త రంగు పూశారు. రేడియేటర్ నీళ్లలో ఇంజన్ ఆయిల్ తేలుతోంది. బ్రేకు గొట్టాలు కారిపోతున్నాయి, హ్యాండ్ బ్రేకు ఉత్త అలంకారం. వద్దు బావా, నీకు దండం పెడతా!”

‘ఏం నటిస్తున్నాడ్రా వీడు!’ బావ లోలోపల పొంగిపోయాడు. పైకి పెదవి విరుస్తూ నిలబడ్డాడు. పదిమందిలో పరువు పోతుంటే ఓనరు సగానికి సగం దిగొచ్చాడు.

“ఉన్నదున్నట్టు తీసుకెళ్లండి. రేపొచ్చి నన్నడక్కండి.”

బావమరిదే బండిని మెల్లగా గేటు దాకా తెచ్చి ఆపాడు. బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెంట వచ్చిన అతని భార్య కట్టు కట్టిన చేత్తో అవస్థపడుతూ పక్క సీటు ఎక్కబోయింది.

“నువ్వు నా స్కూటర్ మీద రా అక్కా,” తమ్ముడు ఆపాడు. “చేతికి ఏమైందన్నావ్?”

“మెట్ల మీద పడ్డానన్నాగా,” అంది, మొగుడి కేసి చూడకుండా.

“మీ అక్కకి చెబితే అర్థం కాదురా. తగిలితేనే అర్థమవుతుంది!” బావ పెద్దగా నవ్వాడు. బావమరిది కూడా నవ్వాడు.

గేటు దాటితే అంతా పల్లం. చివర మలుపు, మలుపులో రాతిగోడ. బావ ఈలవేసుకుంటూ బండిని పల్లంలోకి వదిలాడు. గోడ దగ్గరపడుతుంటే బ్రేకు తొక్కాడు. కాలు అడుగుకి తగిలింది. మళ్లీ తొక్కాడు. హ్యాండ్ బ్రేకు లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. పైప్రాణాలు పైనే పోయాయి.

బండి ఇంకా గోడని గుద్దనే లేదు. వెనక గేటు దగ్గర అప్పుడే బావమరిది నెత్తీనోరూ బాదుకుంటూ అరుస్తున్నాడు:

“మీరంతా విన్నారుగా! బ్రేకుల్లేవని చెప్పానా, లేదా?”