నాసిరకం రీలు

"ఇదేంటమ్మా, కెమెరా రీలా? అగరబత్తీల పెట్టెలా ఉంది" అన్నారు తాతాజీ గారు, నాగదుర్గ తెచ్చిన డబ్బాని రెండు వేళ్ళతో ఎత్తి చూస్తూ.

వెటకారం లేనిదే ఆయనకు ముద్ద దిగదు. నలభై ఏళ్ళు రాజమండ్రిలో స్టూడియో నడిపిన మనిషి. ఆదివారం ఫోటోగ్రాఫర్ల సంఘం ఆయనకు సన్మానం చేస్తోంది. పైనుంచి తొంగి చూసే తన పాత కెమెరాతో, అసలు సిసలు రీలు మీద తీసిన తన ఫోటోనే వేదిక మీద నిలువెత్తున పెట్టాలని పంతం పట్టారు. ఫోన్లతో ఫోటోలు తీసే వెధవలంతా అది చూసి సిగ్గుతో చావాలని ఊరంతా చాటారు కూడా. తీరా చూస్తే ఊళ్ళో ఒక్క కొట్లోనూ రీలు లేదు. సరదాకి ఇంట్లోనే రీళ్ళు కడుక్కునే ఈ కాలేజీ మేడమ్ తప్ప దిక్కు లేకపోయింది.

చవకదే అయినా బొమ్మ బాగానే పడుతుందని నాగదుర్గ మర్యాదగా చెప్పింది. తమది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరనీ, తన చిన్నప్పుడు ప్రెసిడెంటు గారింట్లో పెళ్ళికి ఆయనే ఫోటోలు తీశారనీ గుర్తు చేసింది. ఎన్ని ఊళ్ళో, ఎన్ని పెళ్ళిళ్ళో, ఎవడికి గుర్తుంటాయని తీసిపారేశారు ఆయన.

అలగా జనం మాత్రం గుర్తున్నారట. రీలుకి పన్నెండే ఫోటోలు. గిన్నెలు తోమేవాళ్ళు, విస్తళ్ళు ఎత్తేవాళ్ళు కూడా అరువు చీరలు కట్టుకుని వచ్చి నిలబడేవారు. వాళ్ళ మొహాలకి మంచి రీలు తగలేస్తామా?

"ఖాళీ కెమెరాతో ఫ్లాష్ కొట్టేవాణ్ణమ్మా. ఆ వెలుగుకే మురిసిపోయేవారు."

తరవాత ఎవరైనా ఫోటో అడిగితే రీలు పాడైందంటే సరిపోయేదట. చెప్పి, కడుపు పట్టుకుని నవ్వారు.

నాగదుర్గ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. ఎండ తగలకూడదంటూ కెమెరా, డబ్బా పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"అప్పుడే ఎక్కించేశావా? చవకది కదా, పిలవకుండానే దూరి ఉంటుంది" అన్నారు.

కుర్చీలో ఒకసారి, పట్టుశాలువాతో ఒకసారి, గడ్డం కింద చెయ్యి పెట్టి ఒకసారి. పన్నెండు భంగిమలూ ఆయనే చెప్పారు. ప్రతిసారీ ఫ్లాష్ వెలిగింది. వెలిగినప్పుడల్లా ఆయన మొహం విప్పారింది.

కడిగి ఫోటో తెస్తానని వెళ్ళిన నాగదుర్గ శనివారం సాయంత్రం వచ్చింది. నిలువెత్తు ఫ్రేము అప్పటికే తయారై, ఖాళీగా గోడకి ఆనించి ఉంది.

"రీలు పాడైందండి" అంది.

తాతాజీ గారు కుర్చీలోంచి లేచిపోయారు. తెల్లారితే సన్మానం. ఆ ఫోన్ల వెధవలకి రేపు ఏ మొహం చూపించాలి? చవక రీలు వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదనీ, చవక మనుషుల పనులన్నీ ఇలాగే ఏడుస్తాయనీ ఆయాసం వచ్చేదాకా తిట్టారు. పాడైతే పాడైంది, ఆ దిక్కుమాలిన రీలు ఓసారి తన కళ్ళకి చూపించమన్నారు.

సీలు కూడా విప్పని డబ్బాని ఆయన చేతిలో పెట్టి, "ప్రెసిడెంటు గారింట్లో గిన్నెలు తోమిన మా అమ్మకి మీరు ఎలా తీశారో, మీకూ అలాగే తీశానండి" అంది నాగదుర్గ.