గోడల జోన్స్

"చేతులు చూసుకున్నారా? అంతా బురదే! బిడ్డను ముట్టుకోకండి."

బిడ్డ తల్లి నెస్ట్ అలా కసిరేసరికి, గోడల జోన్స్ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

చాపెల్‌లో బిడ్డకు బాప్తిస్మం ఇప్పించి వచ్చి, ఇంట్లో అందరూ టీ తాగుతున్నారు. జోన్స్ పొద్దుటినుంచీ వానలో ఆ ఇంటి గొర్రెలదొడ్డి రాతిగోడ పేర్చి, నేరుగా లోపలికి వచ్చేశాడు.

ఆ లోయలో జోన్స్‌లు కోకొల్లలు. అందుకే పాల జోన్స్, పోస్టు జోన్స్, గోడల జోన్స్. చేసే పని తెలిస్తే చాలు, అసలు పేరుతో ఎవరికీ అవసరం పడదు. పైగా ఈయన రెండేళ్ళ కిందట ఎక్కడినుంచో వచ్చిన మనిషి.

"పేరేం పెట్టారమ్మా?"

"గెథిన్."

జోన్స్ వంగి బిడ్డ మొహంలోకి చూశాడు.

"గెథిన్ అంటే నల్లనివాడని కదే!" మేనత్త మోడ్లెన్ పకపకా నవ్వింది. "పూర్వం ఒంటిరంగు చూసి పెట్టేవాళ్ళు ఆ పేరు. వీడేమో మీగడముద్దలా ఉన్నాడాయె!"

"రంగు కోసం కాదత్తా, నాన్న కోసం."

"నాన్న కోసమా?" అన్నాడు జోన్స్.

ఆ కథ చెప్పడమంటే నెస్ట్‌కు ఎంతో ఇష్టం.

"నేను పుట్టకముందు బొగ్గుగనిలో కప్పు కూలింది. దీపాలన్నీ ఆరిపోయాయి. కాలు విరిగిన నాన్నను ఒకాయన ఆ చీకట్లో వీపున మోసుకొచ్చాడు. నాన్న స్పృహ తప్పకుండా దారంతా కబుర్లు చెప్పాడట. 'పుట్టగానే మా అమ్మ నన్ను చూసి, అయ్యో, బొగ్గుముక్కే అని, గెథిన్ అని పెట్టేసింది' అన్నాడట. నాన్న కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రి. గని మూతపడింది, ఆయన ఏ ఊరు వెళ్ళాడో తెలియదు. ముప్పై ఏళ్ళు వెతికాడు నాన్న. మూడేళ్ళ కిందట పోతూ కూడా నాతో ఆ మాటే. ఆయన కనబడితే నా బదులు నువ్వు కృతజ్ఞతలు చెప్పమ్మా అని."

"ఏముందిలేమ్మా," అన్నాడు జోన్స్ మెల్లగా. "అక్కడ ఎవరున్నా ఆ పనే చేసేవాళ్ళు."

నెస్ట్‌కు ఒళ్ళు మండింది.

"ఆయన్ని తక్కువచేసి మాట్లాడకండి! ఆయన లేకపోతే నేనూ లేను, వీడూ లేడు. మీకేం తెలుసు?"

"నిజమే. కనబడితే ఏం చేస్తావమ్మా?"

"ఆ రెండు చేతులూ కళ్ళకద్దుకుంటాను. వీణ్ణి ఒళ్ళో పెడతాను."

జోన్స్ తన చేతులు చూసుకుని కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పిల్లాడు చల్లగా ఉండాలి," అని గడప దాటాడు.

"పాపం, ముసలాయనకు టీ అయినా ఇవ్వకపోతివే," అంది మోడ్లెన్.

"గోడ సగమేగా అయింది. రేపొస్తాడుగా, ఇస్తాలే."

మర్నాడు జోన్స్ రాలేదు. మూడోనాడు, తన గదిలో నిద్రలోనే పోయాడని పాల జోన్స్ వచ్చి చెప్పాడు.

అంత్యక్రియలనాడు నెస్ట్ బిడ్డను ఎత్తుకుని చాపెల్‌కు వెళ్ళింది. పెద్దమనిషిని ఊరికే కసిరానే అని లోపల ముల్లు గుచ్చినట్టుంది. వెనక బల్లమీద కూర్చుంది.

ఆ లోయలో మనిషి పూర్తిపేరు చాపెల్‌లో పలికేది బాప్తిస్మంనాడు ఒకసారి, మళ్ళీ శవపేటిక దగ్గరే.

పాస్టరు కాగితం విప్పి, "ఇరవై ఏళ్ళు బొగ్గుగనుల్లో పనిచేసిన మన సోదరుడు గెథిన్ జోన్స్..." అని మొదలుపెట్టాడు.