గోల్‌పోస్ట్ దగ్గర తెలుగాయన

తెల్లకోటు వేసుకుని గోల్‌పోస్ట్ పక్కన నిలబడిన పెద్దాయన్ని చూడగానే శ్రీకాంత్‌కి ప్రాణం లేచొచ్చింది.

"గౌరీ, ఆ అంపైర్ మన తెలుగాయనే."

"నీకెలా తెలుసు?" అంది భార్య.

"ఇందాక ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. ఇక మనకేం ఢోకా లేదు."

వాళ్ళమ్మాయి అనికకి పదమూడేళ్ళు. గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతుంది. అది ఐర్లండ్ వాళ్ళ ఆట. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. బార్ కింద నుంచి పోతే గోల్, పైనుంచి పోతే పాయింట్. పాయింటైతే అంపైర్ తెల్లజెండా ఊపుతాడు. పోస్టుల బయటనుంచి పోతే వైడ్, ఏమీ రాదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలిసినవాళ్ళ పిల్లలంతా చెస్ క్లాసులకీ స్పెల్లింగ్ పోటీలకీ వెళ్తుంటే, తన కూతురు మోకాళ్ళు గీరుకుని బురదతో కారెక్కడం శ్రీకాంత్‌కి మహా గర్వం.

సీజన్‌లో మొదటి మ్యాచ్ అది. విజిల్ వేయకముందే ఆయన దగ్గరికి వెళ్ళి పరిచయం చేసుకున్నాడు. ఆయన పేరు రాఘవులట.

"పది నంబర్ మా అమ్మాయే అంకుల్. కాస్త చూసుకోండి."

"నేను బంతినే చూస్తాను బాబూ," అన్నారు రాఘవులుగారు నవ్వుతూ.

ఆ రోజు అనిక తన్నిన చివరి బంతి పోస్ట్ కన్నా ఎత్తుగా లేచి, సరిగ్గా ఆయన నెత్తిమీదుగా వెళ్ళింది. ఆయన తలెత్తి చూసి, చేతులు అడ్డంగా ఊపారు. పాయింట్ లేదు. అనిక టీమ్ ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయింది.

"తెలుగువాడై ఉండి కూడా ఏం లాభం?" శ్రీకాంత్ దారంతా రుసరుసలాడుతూనే డ్రైవ్ చేశాడు.

"డాడీ, అది వైడే," అంది అనిక వెనక సీట్లోంచి.

"నువ్వూరుకో."

ఇంటికెళ్ళగానే లీగ్ నడిపే మౌరీన్‌కి మెయిల్ కొట్టాడు. ఆయనకి చూపు ఆనడం లేదని, ఇంకెప్పుడూ నిలబెట్టొద్దని.

ఆ తర్వాత అనిక టీమ్‌కి ఎదురు లేకపోయింది. వచ్చినవాళ్ళనల్లా ఓడిస్తూ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి చేరింది.

ఫైనల్లో ఎదురైంది మళ్ళీ ఆ మొదటి టీమే. పోస్ట్ దగ్గర మళ్ళీ రాఘవులుగారే.

"ఈయన్ని ఇంకా తీసెయ్యలేదా?"

"గొడవ చేయకు. పిల్ల ఆడుకోనీ," అంది గౌరి.

ఆఖరి నిమిషం. స్కోర్ సమానం. అవతలి గోల్‌కీపర్ మేవ్, ముఖం నిండా మచ్చలున్న ఎర్రజుట్టు పిల్ల, అప్పటిదాకా ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు.

అనిక బలం కొద్దీ తన్నింది. బంతి మళ్ళీ ఆ పోస్ట్ మీదకే లేచింది.

"వైడ్, వైడ్," అని అరిచింది మేవ్, చేతులు రెండూ చాపి రాఘవులుగారి వంకే చూస్తూ.

ఆయన తలెత్తి చూశారు. ఒక్క క్షణం ఆగారు. తర్వాత వంగి తెల్లజెండా తీసి ఊపారు.

అనిక టీమ్ గెలిచింది.

"చూశావా, నా మెయిల్ దెబ్బకి చూపొచ్చేసింది," అన్నాడు శ్రీకాంత్.

కప్పు తీసుకుని, ఫొటోలు దిగాక, పెద్దమనసు చేసుకుని మౌరీన్ దగ్గరికి వెళ్ళాడు. "నా కంప్లయింట్ వెనక్కి తీసుకుంటున్నాను."

"అవసరం లేదు. మీ మెయిల్ సంగతి తెలియగానే ఆయన కోటు తిరిగిచ్చేశారు," అంది మౌరీన్. "ఒక పేరెంట్‌కి అనుమానం వచ్చాక నిలబడకూడదట. ఇవాళ వాళ్ళ టీమ్‌కి ఇంకెవరూ దొరక్క, నేనే బతిమాలాను."

"వాళ్ళ టీమేంటి?"

"ఒక్కో పోస్ట్ దగ్గర ఒక్కో టీమ్ తమ మనిషిని పెడుతుంది. ఆయన అవతలి టీమ్ తరఫున. సీజనంతా మ్యాచ్‌లు చూశారు, మీకు తెలీదా?"

శ్రీకాంత్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పిల్లల కోసం తెచ్చిన మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని పార్కింగ్‌లోకి పరిగెత్తాడు. కనీసం సారీ అయినా చెప్పాలి.

రాఘవులుగారు ఒక వ్యాన్ పక్కన నిలబడి ఉన్నారు. మేవ్ ఆయన గుండెల్లో తల దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"వైడ్ అని ఒక్కసారి చెప్పొచ్చు కదా, తాతయ్యా?" అంటోంది వచ్చీరాని తెలుగులో.