ఒక్క నాణెమూ పోలేదు

మొగుడు తాగుబోతైతే పదిమందితో చెప్పుకుని ఏడవచ్చు. పేకాటరాయుడైతే పుట్టింటివాళ్లను పిలిచి నిలదీయించవచ్చు. రిటైరై మూడు నెలలైనా కాకుండానే చెల్లని నాణేలు పోగేసుకుంటూ కూర్చున్న మొగుణ్ణి గురించి ఎవరితో మొరపెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు.

తొమ్మిది దాటింది. ఆయనకింకా స్నానం లేదు. హాల్లో బల్ల మీద మెత్తటి గుడ్డ, ఆల్బం, స్కేలు, ఒక్కో నాణెం అడ్డుకొలత రాసుకునే నోటుపుస్తకం.

"ఏమోయ్, ఈ లెన్సులో లైటు వెలగడంలేదు. మొన్ననేగా కొత్త బ్యాటరీ వేశాను! బల్బు పోయినట్టుంది."

"దానికీ విసుగొచ్చి ఉంటుంది. ఇక లేవండి."

ఆయన ఉసూరుమంటూ లెన్సును చొక్కా జేబులో వేసుకుని లేచాడు. ఆవిడ ముసిముసిగా నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

పది గంటలకు కోడలు కేక పెట్టింది. ఏడాదిన్నర మనవరాలు, ఇల్లంతా పిచ్చుకలా తిరిగేది, పాలు మింగలేక గుక్కపట్టి ఏడుస్తోంది. నోటివెంట చొంగ ధారగా కారుతోంది.

అరగంటలో అందరూ ఆసుపత్రిలో ఉన్నారు. కుర్ర డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు రెండూ లైటుపెట్టెకు తగిలించాడు. పిల్ల మెడ ఎముకల మధ్య తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

"నాణెం మింగిందండీ. ఊపిరి బాగానే ఆడుతోంది, కంగారుపడకండి. చాలావరకు దానంతటదే కిందికి జారిపోతుంది. సాయంత్రం దాకా చూసి, జారకపోతే తీద్దాం."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు.

"చాలా నాన్నా? ఇంట్లో పసిపిల్ల ఉందన్న ధ్యాస కూడా లేదా నీకు?"

"నేను లక్షసార్లు చెప్పాను," అందుకుంది ఆవిడ. "వింటేగా! ఈయన దృష్టిలో నా మాటే చెల్లని నాణెం. మిగతావన్నీ చెల్లుతాయి."

 ఆయన చంకలోంచి ఆల్బం తీసి బెంచీ మీద పరిచాడు.

"దాన్ని ఇక్కడికి కూడా తెచ్చావా!" కొడుకు అరిచాడు. "పిల్ల ప్రాణం మీదికొస్తే లెక్కలు చూసుకుంటావా?"

కోడలు తల అటు తిప్పేసుకుంది. ఆయన నోటుపుస్తకంతో సరిచూసుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. చివరి అర దాకా వచ్చి ఆగాడు.

"నూట పద్నాలుగూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు."

"అయితే నా పర్సులోది ఏదైనా మింగిందేమో," అంది కోడలు.

ఆయన ఫిల్ము దగ్గరికి వెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, ఇది నాణెం కాదు."

"పెద్దాయనా, మీరు కాస్త కూర్చోండి."

"రిటైరైనప్పట్నుంచీ పొద్దస్తమానం ఇదే పనండీ నాకు. నాణేనికి అంచు ఒక్కటే ఉంటుంది. దీనికి లోపల ఇంకో గీత ఉంది, చూడండి. రెండు లోహాల నాణెం అందామా, అందులో బయటి చుట్టు ఇంత సన్నగా ఉండదు. ఇదిగో, పక్కనుంచి తీసింది చూడండి. నాణెమైతే పుల్లముక్కలా తిన్నగా కనబడాలి. దీనికి మెట్టుంది. డబ్బాకి మూత పెట్టినట్టు."

డాక్టరు వంగి చూశాడు. మళ్లీ చూశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బిళ్ల బ్యాటరీ... సిస్టర్! థియేటరు సిద్ధం చేయించండి. ఇప్పుడే!"

"బ్యాటరీ అయితే ఏమవుతుంది?" అన్నాడు కొడుకు.

"గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో లోపల కాల్చేస్తుంది. కొత్తదా, పాతదా? ఎప్పుడు మింగింది?"

 ఆయన చెయ్యి నెమ్మదిగా చొక్కా జేబులోకి వెళ్లింది. లెన్సు తీశాడు. పిడి మూత తిప్పాడు. లోపల ఖాళీ.

"మళ్లీ నువ్వే!" కొడుకు రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోయాడు. 

"కొత్తదే." ఆయన గొంతు లోతు నూతిలోంచి వచ్చినట్టుంది. "నిన్న పడుకోబోయే ముందు కూడా వెలిగిందండీ. మూత నేనే సరిగ్గా బిగించలేదేమో. నిన్ననే ఊడి పడుంటుంది."

డాక్టరు అడుగు అక్కడే ఆగింది.

"నిన్నటి నుంచా? అన్ని గంటలైతే గొంతు వెనక రక్తనాళాల దాకా కాలిపోయి ఉండొచ్చు. ఊరికే లాగితే నెత్తురు ఆగదు. ఛాతీ సర్జన్ వచ్చేదాకా చెయ్యి పెట్టలేను. ఆయన రావడానికి గంట పడుతుంది."

లోపల పిల్ల ఏడుపు సన్నగిల్లింది. ఆయన ఆల్బం మీద తలవాల్చి కూర్చున్నాడు. ఆ తలను చూడటానికి కొడుక్కి గానీ కోడలికి గానీ మనసొప్పలేదు. ఆవిడ నోరు మెదపకపోతే ఈ పాపం జీవితాంతం ఆ తలమీదే ఉండిపోతుంది. ఆవిడను ఎవరూ అడగరు.

ఫోను తీయబోతున్న డాక్టరు చెయ్యి ఆవిడ గట్టిగా పట్టుకుంది.

"గంట ఆగొద్దు బాబూ! నిన్న కాదు, ఇవాళ తొమ్మిదింటి దాకా అది లెన్సులోనే ఉంది. ఈయన ఆ బల్ల దగ్గర్నుంచి లేస్తారని, బ్యాటరీ తీసి సోఫా పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది నేనే... తప్పు నాది."