వంటింట్లో మరిది

కాపురానికొచ్చి వారమైంది. కొత్త కోడలికి ఒక్క సంగతి మాత్రం అంతుపట్టలేదు. మరిది వంటింట్లోంచి బయటికి రాడేం?

అక్కడే తింటాడు. అక్కడే చాప పరుచుకుని పడుకుంటాడు. పెరట్లోకి వెళ్తాడు, వస్తాడు. ముందు హాల్లోకి మాత్రం చచ్చినా రాడు. అన్న పెళ్లి విందు హాల్లో అంత సందడిగా జరిగితే, వంటింటి గడప అవతల కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు. సొంత తమ్ముడండీ! ఎక్కడైనా ఉంటుందా?

మొగుణ్ణి అడుగుదామంటే ఆయన లారీ డ్రైవరు. పెళ్లయిన మూడోనాడే లోడు వేసుకుని పోయాడు. ఫోన్లో అడిగితే, "వాడా? వాడికి అక్కడే బాగుంటుందిలే," అని నవ్వాడు. అత్తగారిని కదిపితే, "వాడి గొడవ ఇప్పుడెందుకమ్మా, ఆ ఉల్లిపాయలిలా ఇయ్యి," అంది.

ఇల్లు కూడా ఏదో తేడాగానే ఉంది. హాల్లో కరెంటు పోయినా వంటింట్లో బల్బు నిక్షేపంలా వెలుగుతుంది. నలుగురొచ్చి కూచునే హాల్లో మామగారు మందు చుక్క ముట్టరు. నిషేధమట. సాయంత్రమైతే చాలు, గ్లాసు పట్టుకుని వంటింట్లో దూరతారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే కాబోలు అనుకుంది కోడలు.

పైగా ఆయనకి పక్క రాష్ట్రం పిచ్చి. అక్కడ పెట్రోలు చవక, కరెంటు పోదు, పాట పాడినా నాటకం ఆడినా అడిగేవాడు లేడు. పొద్దస్తమానం ఇదే గోల.

"అంత బాగుంటే అక్కడికే పొండి," అంటుంది అత్తగారు.

"రోజూ పోతూనే ఉన్నాగా," అంటారాయన.

కోడలికి నవ్వు రాలేదు. మరిదికి పిచ్చా? అంటురోగమా? కొంపదీసి ఎవరినైనా చంపి దాక్కున్నాడా? తన గది గడియ రెండుసార్లు చూసుకుని గానీ పడుకునేది కాదు.

ఒక మధ్యాహ్నం వాకిట్లో జీపు ఆగింది. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు దిగాడు. వెనకాలే ముసలి కానిస్టేబులు.

"మీ మరిది ఏడమ్మా?"

అనుకున్నంతా అయింది! భయంతో నోరు జారింది. "వంటింట్లో ఉన్నాడండీ!"

"దొరికాడు! మన ముఖ్యమంత్రి గారిని గాడిద మీద ఊరేగిస్తున్నట్టు బొమ్మ గీస్తాడా? ఇక జైల్లో గీసుకుంటాడు."

బొమ్మ గీసినందుకా ఇదంతా? నా నోరు పడిపోను, చేజేతులా పిల్లాణ్ణి పట్టిచ్చానే అని కోడలికి ఏడుపొచ్చింది. పరిగెత్తి వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"లేడండీ! పొరపాటున అన్నాను!"

"తప్పుకోమ్మా."

మరిది ఎదురుగానే కూచుని అన్నం కలుపుకుంటున్నాడు. లేవలేదు. పారిపోలేదు.

"రండి సార్, భోంచేద్దురుగాని," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాలెత్తాడు. కానిస్టేబులు చటుక్కున ఆయన మోచెయ్యి పట్టి లాగాడు.

"వద్దు సార్! పాత సారు ఈ గడప దాటే సస్పెండయ్యారు."

ఎత్తిన కాలు అలాగే వెనక్కొచ్చింది. మొహం కందగడ్డయింది. "మగాడివైతే బయటికి రారా!"

"మీరే లోపలికి రండి సార్. అన్నం చల్లారిపోతోంది."

ఇన్‌స్పెక్టరు పళ్లు కొరుక్కుంటూ వెనక్కి తిరిగాడు. జీపు వెళ్లిపోయింది.

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, నిజం చెప్పండి. పోలీసులు కూడా అడుగుపెట్టడానికి భయపడ్డారంటే, అసలా వంటింట్లో ఏముంది?"

అత్తగారు నోరెళ్లబెట్టింది.

"అదేంటమ్మా, నీకెవరూ చెప్పలేదూ, ఈ గడపదాకానే మన రాష్ట్రం, వంటిల్లు పక్క రాష్ట్రంలో ఉంది!"